మొసలి కథకు ఊఁ కొట్టేదెవరు

పోచమ్మ తల్లి మీద ఒట్టు, మంజీర నీళ్ల మీద ఒట్టు. ఈ రెండూ చాలవనేవాళ్ల కోసం, నా మెడ కింద డాక్టర్లు పెట్టిన రూపాయి బిళ్లంత రంధ్రం మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం.

నన్నెరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. పటాన్‌చెరులో నన్ను కతల నర్సింలు అంటారు. మా తాత మంజీరలోని మొసలిని జీతానికి పెట్టుకున్నాడని పదిహేనేళ్లు కంపెనీ బస్సులో చెప్పీ చెప్పీ, చివరికి నేను కూడా నమ్మాను. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి. మెడలోంచి ఊపిరి పీల్చుకునే మనిషికి అబద్ధాలాడే ఓపిక ఉండదు.

గండం గడిచిందని డాక్టర్లు అంటున్నారు. మూడు నెలలకోసారి పోయి మెడ చూపించుకుంటే చాలట. ఇది ఎందుకు రాస్తున్నానంటే, గొంతు బొంగురుపోయినా పట్టనట్టు తిరుగుతున్న నాలాంటివాళ్లు ఇంకెందరో ఉంటారు, వాళ్లకు చెప్పాలి. ఇంకోటి, చేతులు ఖాళీగా ఉంటే నాకు భయమేస్తుంది. నాకు జబ్బు గురించి పెద్దగా తెలియదు. పోయిందేమిటో మాత్రం తెలుసు. పోయింది కథ. అది మళ్లీ వస్తుందా రాదా అన్నదే నా గోల. మిగతాదంతా డాక్టర్ల గోల.

తొంభై ఏడు వానాకాలంలో మొదలైంది. అప్పటికి నేను గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్‌ని. రియాక్టరంటే మూత బిగించిన పెద్ద ఉక్కు కుండ అనుకోండి, లోపల కవ్వం తిరుగుతూ ఉంటుంది. పటాన్‌చెరు చౌరస్తాలో బస్సెక్కితే బొల్లారం మీదుగా కంపెనీ గేటు దాకా కథే. గేటు దగ్గర బస్సు ఆగేసరికి మొసలి ఎవరిదో ఒకరి కాలు పట్టుకుని ఉండాలి. అది నా రూలు. వదిలిందో లేదో తెలియాలంటే తిరుగు బస్సు దాకా ఆగాలి.

తాతకు మంజీర ఒడ్డున చెరుకు తోట. అడవి పందులు పడకుండా కాపలాకు మనిషి దొరకలేదు. ఒకరోజు నీళ్లకు పోయి మొసలితో బేరం కుదుర్చుకున్నాడు. నెలకో మేకపిల్ల, దసరాకు ఒక ధోతి. మొసలికి ధోతి ఎందుకని ఎవరైనా అడిగితే, చలికాలం తోక చలికి ఆగదని చెప్పేవాణ్ని.

మా దగ్గర కథ చెప్తుంటే ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టేవాడు లేకపోతే కథ దారి తప్పి ముళ్లకంపలో పడుతుందని మా అవ్వ అనేది. నేను అమ్మను అవ్వ అనే పిలుస్తాను, మా వైపు అంతే. బస్సులో నాకు ఊఁ కొట్టేది యాదగిరి. నా పక్క రియాక్టర్ వాడిది, పక్క సీటూ వాడిదే. వాడి ఊఁలలో రకాలుండేవి. నమ్మిన ఊఁ. నమ్మని ఊఁ. 'నువ్వు కొయ్యి, నేను వింట' అనే ఊఁ. వాడి ఊఁ వింటే కథ ఎటు తిప్పాలో తెలిసేది. నా కథల్లో సగం వాడి ముక్కులోంచి వచ్చినవే.

ఆ వానల్లో నా గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాను. మర్నాడు బస్సులో నోరు తెరవగానే యాదగిరి తొడ చరిచాడు.

"అన్నా! గిది అచ్చం మొసలి గొంతే!"

అంతకుముందు నా మొసలికి మాటలు లేవు. ఆ రోజు మొదటిసారి మాట్లాడింది. "ఓ పటేలా, నా బోనస్ సంగతి ఏంది?" అంది. బస్సు బస్సంతా పడి పడి నవ్వింది. వారం తిరిగేసరికి మొసలి యూనియన్ పెట్టింది, కప్పల్ని మెంబర్లుగా చేర్చుకుంది. గొంతు ఎంత గీసుకుపోతే కథ అంత పండింది. బిస్కెట్ కంపెనీ బస్సులో పోయేవాళ్లు కూడా మా బస్సెక్కి సగం దారిలో దిగేవాళ్లు.

ఇంట్లో నా భార్య బాలమణి మాత్రం నవ్వలేదు.

"గొంతు గట్ల గీసుకుంట ఎన్నొద్దులు తిరుగుతవు? దవాఖానకు పోరాదు."

"గొంతుకు ఏం గాలే. మొసలి దిగింది లోపలికి."

"మొసలి మింగుతది గని దిగదు" అంది.

ఆ మాట నాకు నచ్చింది. తెల్లారి బస్సులో నా మాటగా వాడుకున్నాను. దవాఖానకు మాత్రం పోలేదు. నిజం చెప్పాలంటే, గొంతు బాగైపోతుందేమోనని భయపడ్డాను. బాగైతే మొసలి మళ్లీ మూగదైపోతుంది కదా. ఇంత తెలివితక్కువ కారణంతో జబ్బును పెంచి పోషించినవాడు ఈ ఫ్యాక్టరీల బెల్టు మొత్తంలో ఇంకొకడు ఉండడు.

తొంభై ఎనిమిది ఎండాకాలానికి మింగుతుంటే చేప ముల్లు అడ్డం పడ్డట్టు ఉండసాగింది. అప్పుడు బాలమణి నన్ను చెయ్యి పట్టుకుని పట్నంలో పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ గొంతులో లైటేసి చూసింది. చూశాక లైటు ఆర్పడం మర్చిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉంది?"

నేను నోరు తెరిచేలోపు బాలమణి చెప్పేసింది. "మొసలి మాట్లాడుడు మొదలువెట్టినప్పటి సంది, మేడం."

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏం రాసుకుందో తెలియదు.

ఆ ఆసుపత్రి వరండా నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. మెడకు తెల్ల గుడ్డలు కట్టుకున్నవాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని ఉంటారు, బంతికి కూర్చోబెట్టి వడ్డించడం మర్చిపోయినట్టు. ఎవరూ మాట్లాడరు. మాట్లాడలేరని తర్వాత తెలిసింది. ఒళ్లో పలకా బలపమూ ఉంటాయి. నడి వయసు మనుషులు, మీసాలు నెరిసినవాళ్లు, ఒకటో తరగతి పిల్లల్లాగా పలకలు పట్టుకుని పేరు పిలిచే దాకా కూర్చుంటారు. పిలిస్తే పలకడానికి కూడా లేదు, చెయ్యెత్తాలి.

నా బెంచీ మీద ఒకాయన ఉండేవాడు. జహీరాబాద్ మార్కెట్లో అల్లం వేలం పాడేవాడట. వాళ్లావిడ చెప్పింది. ఆయన పాట మొదలుపెడితే రోడ్డవతల ఎడ్లు చెవులు నిక్కించేవట. ఆయన పలక మీద రాసి నాకు చూపించాడు. 'మీ పనేంది?'

అప్పటికింకా నాకు గొంతుంది, పది రోజుల్లో కోసి తీసేస్తామని డాక్టర్లు చెప్పారు. అయినా మర్యాదకు పలక తీసుకుని రాశాను. 'అబద్ధాలు.'

ఆయన నవ్వాడు. భుజాలు ఊగాయి, కళ్లల్లో నీళ్లొచ్చాయి, మెడ దగ్గర గుడ్డ కింద ఉస్సుమని గాలి కొట్టుకుంది. అంతే, చప్పుడు లేదు. శబ్దం లేని నవ్వును నేను మొదటిసారి చూశాను. పది రోజుల్లో నా నవ్వూ అట్లాగే ఉంటుందని అప్పుడే అర్థమైంది.

నా ఆపరేషన్ అయ్యాక ఒకరోజు చూస్తే వార్డులో ఆయన మంచం ఖాళీగా ఉంది. ఇంటికి పోయాడో, ఇంకెటైనా పోయాడో అడగలేదు. బలపం దొరక్క అడగలేదని ఇక్కడ రాయబోయాను. ఒట్టు వేశాను కదా. బలపం చేతిలోనే ఉంది.

ఆపరేషన్ రోజు పొద్దున బాలమణి ఛాయ్ తెచ్చింది. తాగొద్దన్నారని తెలుసు, పెదాలు తడుపుకోవడానికి ఒక్క గుక్క.

"ఇగ నీ గొంతు మల్ల ఇనరాదంట" అంది. "ఇన్నేండ్లల్ల నాకు ఒక్క నిజం జెప్పలేదు నువ్వు. ఇయ్యాల ఒక్కటి జెప్పు."

చెప్పాలనుకున్నాను. భయమేస్తుందని చెప్పాలనుకున్నాను. నోట్లో మాట కూడదీసుకునేలోపు స్ట్రెచర్ వచ్చింది. అలవాటైన నోరు కదా, "ఛాయ్‌ల చక్కెర తక్కువైంది" అంది. నన్ను తోసుకుపోయారు. తల తిప్పి చూస్తే బాలమణి గ్లాసులోకి చూస్తూ నిలబడి ఉంది.

పదిహేనేళ్లు ఊరందరికీ పంచిన గొంతులో ఆఖరి మాట అది.

ఆ తర్వాత రోజుల గురించి ఎక్కువ చెప్పను. అద్దం చూసుకోలేదు. దగ్గు మెడలోంచి వస్తుంటే అది నా దగ్గేనని నమ్మడానికి కొంతకాలం పట్టింది. ఆపరేషన్ తర్వాత మెడకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడానికి రోజూ పోయేవాళ్లం. నోరు ఎండిపోయేది, అన్నం ఇసకలా తగిలేది. నేను వేడి ఛాయ్‌ని ఊదలేనని ముందుగా కనిపెట్టింది డాక్టర్లు కాదు, ఆసుపత్రి గేటు పక్క ఛాయ్ అమ్మే ఆయన. గ్లాసు నోటి దాకా తెచ్చి ఊదబోయి, ఊపిరి మెడలోంచి పోయేసరికి నేను బిత్తరపోయాను. ఆయన ఏమీ అనకుండా గ్లాసు తీసుకుని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి బారెడు ఎత్తు నుంచి నాలుగైదు సార్లు తిరగబోసి, చల్లార్చి చేతికిచ్చాడు. రోజూ అట్లాగే చేశాడు. ఒక్కరోజు కూడా జాలిగా చూడలేదు. ఆయన్ను తలచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

మెడలోంచి ఊపిరి తీసేవాడికి వాసన రాదు. పటాన్‌చెరులో జనమంతా ముక్కు మూసుకుని కంపెనీల మురికి పారే వాగు దాటుతుంటే నేనొక్కణ్నే దర్జాగా నడిచిపోతాను. జబ్బు చేసిన మేలు ఇదొక్కటే, లెక్కలో వేసుకున్నాను.

జబ్బు ఎందుకొచ్చిందంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. డాక్టర్లు బీడీలన్నారు. యూనియన్ వాళ్లు కంపెనీ ఆవిర్లన్నారు. అవ్వ మాత్రం తేల్చేసింది.

"చిన్నప్పుడే జెప్పిన. అబద్ధాలాడితే పోచమ్మ నాలుక కోస్తదని. తల్లికి పెద్దతనమొచ్చింది, కండ్లు ఆనలే, గొంతు గోసింది."

దసరాకు కంపెనీకి పోయాను, డ్యూటీలో చేరదామని. గొంతు పోయింది గానీ చేతులున్నాయి, వాల్వు తిప్పడానికి మాటలెందుకు అనుకున్నాను. మా షిఫ్ట్ ఇన్‌చార్జి ప్రసాద్ గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనది గుంటూరు వైపు, బీరంగూడలో ఇల్లు కట్టుకుని ఇక్కడే స్థిరపడ్డారు. మంచి మనిషి, అబద్ధం చెప్పడం చేతకాదు.

"ఏం చెయ్యమంటావయ్యా నర్సింలూ. మెడలోంచి గాలి పీల్చేవాణ్ని సాల్వెంట్ల దగ్గర నిలబెట్టమంటే ఎవరొప్పుకుంటారు? మెడికల్‌గా అన్‌ఫిట్ అని రాశారు. రిటైర్మెంట్ ఇచ్చేస్తున్నారు."

నాకు నలభై నాలుగేళ్లు. పలక తీసి రాసేలోపు ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికి పోయారు. పలక మీద వాదించడం కుదరదు. మన కోపం మనమే చదువుకోవాలి.

క్యాంటీన్లో సెండాఫ్ పెట్టారు. బంతిపూల దండ వేశారు. దండ సరిగ్గా రంధ్రం మీద పడి, పుప్పొడి లోపలికి పోయి, దగ్గలేక చచ్చాను. యాదగిరి దండ లాగేసి శాలువా కప్పాడు. వెనక నుంచి ఎవరో అలవాటుగా అరిచారు. "నర్సన్న మాట్లాడాలె!" నేను పలక మీద రాశాను. 'మొసలి లాంగ్ లీవు పెట్టింది.' పలక చేతులు మారుతూ వెనక వరస దాకా పోయేసరికి సమోసాలు వచ్చేశాయి. మొదటి వరస నవ్విన చాలాసేపటికి మధ్య వరస నవ్వింది. చివరి వరస నమిలింది.

ఇంట్లో కూర్చున్నాను. చలికాలం వచ్చింది. ఒక ఆదివారం ప్రసాద్ గారు స్కూటర్ మీద తెల్ల కాగితాల కట్ట తెచ్చి నా మంచం మీద పెట్టారు.

"నోరు పోతే పోయింది, చెయ్యుంది కదా. నవల రాసెయ్యవయ్యా. నీ మొసలి ఊరికే చచ్చిపోకూడదు."

ఆ మాట పట్టుకున్నాను. అప్పటికి పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

మొదలుపెట్టాను. పదిహేనేళ్లు నేను రాసిందల్లా కంపెనీ లాగ్ షీట్లే. అందుకే నా నవల ఇట్లా మొదలైంది. 'ఉ. 6.00: తాత నిద్ర లేచెను. ఉ. 6.10: మొసలి డ్యూటీకి వచ్చెను. పరిస్థితి సాధారణం.' మా కంపెనీలో ఇంకో రూలుంది. తప్పు రాస్తే చెరపకూడదు, పైన రాయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. నవలలోనూ అదే చేశాను. మొసలి ఏడ్చెను అని రాసి, బాగోలేదని గీత కొట్టి, సంతకం పెట్టాను. నవ్వెను అన్నాను. మళ్లీ గీత, మళ్లీ సంతకం.

ప్రసాద్ గారు కొన్ని పేజీలు చదివి, కాసేపు గోడ వైపు చూశారు.

"నర్సింలూ, ఇందులో మొసలి కన్నా నీ సంతకమే ఎక్కువసార్లు కనిపిస్తోందయ్యా."

టైములు తీసేసి మళ్లీ రాశాను. ఈసారి వేరే తంటా. ఒక వాక్యం రాసి కలం ఎత్తేవాణ్ని. అంతే, ఆగిపోయేవాణ్ని. ఎందుకు ఆగిపోతున్నానో కొన్ని వారాలు అర్థం కాలేదు. యాదగిరి ఊఁ కోసం ఆగుతున్నాను. కాగితం ఊఁ కొట్టదు. నమ్మిందో లేదో చెప్పదు. కథ ఎటు తిప్పాలో తెలియక ఒక్క వాక్యం మీదే పొద్దుగూకే దాకా కూర్చునేవాణ్ని.

పలక మీద రాసి బాలమణికి చూపించాను. 'నేను రాస్తుంటే ఊఁ కొట్టు.'

"ఏం రాస్తున్నవో నాకెట్ల ఎర్క?"

'తెల్వకున్నా పర్వాలేదు. కలం ఆగితే ఊఁ అను.'

అట్లా మొదలైంది. ఆమె వంటింట్లో కూరగాయలు కోస్తూ ఉండేది, నేను గడప అవతల రాస్తుండేవాణ్ని. కలం చప్పుడు ఆగితే "ఊఁ" అనేది. ఆ ఊఁకు అర్థం లేదు, ఉల్లిగడ్డ వాసన ఉందేమో తెలియదు, నాకు రాదు. కానీ కథ కదిలింది. పేజీలు పెరిగాయి. మొసలి యూనియన్ పెట్టిన దాకా వచ్చాను. నాకు కొంచెం ఆకలి కూడా వేయసాగింది.

తొంభై తొమ్మిది ఎండాకాలం ఒక మధ్యాహ్నం కలం ఎత్తాను. ఊఁ రాలేదు. గడప మీద కలంతో కొట్టాను. రాలేదు. లేచి చూస్తే బాలమణి కత్తిపీట పక్కకు పెట్టి కూర్చుని ఉంది.

"నీ మొసలికి నేను పొద్దంత ఊఁ గొట్టాలె. మరి నేను మాట్లాడితే ఊఁ అనేటోడేడి?" అంది. "సూడు, ఏడాదాయె. బియ్యం అయిపోయినయంటే సప్పుడు లేదు. అవ్వకు జరమొచ్చిందంటే సప్పుడు లేదు. గోడకు జెప్పినట్టు జెప్పుకుంటున్న. నువ్వు ఇన్నవో లేదో నీ మొకం దిక్కు మర్లి సూడాలె. పొయ్యి కాడ ఉంటే ఎట్ల సూడాలె? గొంతు నీకొక్కనికే పోయిందనుకున్నవా?"

నా దగ్గర పలక లేదు.

ఆ ఏడాదంతా నేను నా మౌనాన్ని మోస్తున్నాననుకున్నాను. ఎక్కువ బరువు వైపు ఆమె ఉందని తెలియలేదు. ఆ సాయంత్రం నుంచి ఆమె ఏమన్నా నేను బలపంతో పలక మీద టక్కున కొట్టడం మొదలుపెట్టాను. అది నా ఊఁ. మొదట్లో ఆమె పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు, "టక్కు లేటైంది, ఇంటలేవు" అని కసిరింది. పోట్లాట తగ్గింది. ఊఁలు మళ్లీ మొదలయ్యాయి.

కానీ నవల బాగా లేదు. ఇది నేను ముందే ఒప్పుకోవాలి. ఒకరోజు మొత్తం చదువుకున్నాను. బస్సులో మొసలి తోక ఆడిస్తే ముందు సీట్లవాళ్లు కాళ్లు పైకి తీసుకునేవాళ్లు. నా నవలలో తోక ఆడిస్తే కాగితం కూడా కదల్లేదు. మాట ఒకటి, మాట వెనక గొంతు ఒకటి, గొంతు ముందు మనుషులు ఒకటి. నా దగ్గర మాటలే మిగిలాయి. ఎండిన చెరువులో చేపలెన్నో లెక్క రాసినట్టుంది.

పొద్దున్నే చౌరస్తాకు పోయి నిలబడేవాణ్ని, బస్సు చూడ్డానికి. మెడకు తడిగుడ్డ, లారీల దుమ్ము తట్టుకోవాలి కదా. మొదట్లో కిటికీల్లోంచి "నర్సన్నా!" అని అరిచేవాళ్లు. తర్వాత చేతులూపారు. ఆ తర్వాత ఊపే చేతులు తగ్గాయి. పర్మనెంటు వాళ్లు ఒక్కొక్కరే కంపెనీ ఇచ్చే రిటైర్మెంట్ స్కీము తీసుకుని ఇంటికి పోతున్నారని, కాంట్రాక్టు వాళ్లు వస్తున్నారని యాదగిరి చెప్పాడు. నా జబ్బు గోలలో నేనంతగా పట్టించుకోలేదు.

రెండు వేల సంవత్సరం వానాకాలంలో ఒక ఆదివారం యాదగిరి వచ్చాడు. నా మొహం చూసి, మంచం కింద కట్టి పెట్టిన కాగితాలు చూసి, అడక్కుండానే కట్ట విప్పాడు.

"అన్నా, గివి నాకియ్యి. నేను బస్సుల సదువుత. గొంతు లేకుంటే ఏంది, నాది లేదా?"

వద్దన్నట్టు చెయ్యి ఊపాను. వాడు అప్పటికే చొక్కాలో దోపుకున్నాడు.

మరుసటి వారమంతా నాకు నిద్ర లేదు. ఆదివారం యాదగిరి వచ్చాడు. వాకిట్లోంచే అరుచుకుంటూ వచ్చాడు. బొల్లారం దాటకముందే బస్సు బస్సంతా పడి పడి నవ్విందట. మొసలి బోనస్ అడిగిన దగ్గర ఈలలు వేశారట. కప్పల యూనియన్ మీటింగ్ దగ్గర డ్రైవర్ బండి పక్కకు ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ తోలాడట. గేటు దగ్గర దిగమంటే ఎవరూ దిగలేదట, సెక్యూరిటీ వాడు లోపలికొచ్చి వాడూ కూర్చున్నాడట. ఆ రోజు షిఫ్టు మొత్తం లేటట. అది విని నేను నవ్వాను. భుజాలు ఊగాయి, కళ్లల్లో నీళ్లొచ్చాయి, మెడ దగ్గర ఉస్సుమంది. జహీరాబాద్ ఆయన గుర్తొచ్చాడు.

ఇదీ నా అనుభవం. చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే, ఎంత మంది మెచ్చుకున్నా డాక్టరుకు చూపించండి. ఆపరేషన్‌కు పోయేముందు ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన మాట ముందురోజే చెప్పెయ్యండి, స్ట్రెచర్ ఎవరి కోసమూ ఆగదు. ఇంట్లో గొంతు పోయినవాళ్లుంటే వాళ్లతో మాట్లాడండి. వాళ్లు పలకా బలపంతోనో, గిన్నె మీద చెంచాతోనో బదులు చెప్పడం నేర్చుకుంటారు. వేడి ఛాయ్ చల్లార్చి ఇవ్వండి. అడగరు, మీరే చూసుకోవాలి.

ఇక ఒట్టు సంగతి. మెడ మీద వేసిన ఒట్టు కదా, ఊపిరి పీల్చినప్పుడల్లా తగులుతోంది. పైన రాసిందాంట్లో మీరు అబద్ధమనుకున్నవి చాలా ఉంటాయి. దండ, సమోసాలు, సంతకాల నవల, మొసలి గొంతు పోతుందేమోనని దవాఖానకు పోకపోవడం. అవన్నీ నిజమే. నేను కల్పించింది ఒక్కటే. బస్సు నవ్వలేదు.

ఆ ఆదివారం యాదగిరి అరుచుకుంటూ రాలేదు. చెప్పులు వాకిట్లో వదిలి, మంచం చివర కూర్చుని, కాగితాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వాటి అంచులు సరిచేశాడు.

"నీకు అబద్ధం జెప్తే దొరికిపోతనే అన్నా" అన్నాడు. "బస్సుల మనోళ్లం నలుగురమే మిగిలినం. ముగ్గురు పండుకున్నరు. మిగిలినోళ్లంత ఒరియా పోరగాండ్లు, బీహారోళ్లు. తెలుగు రాదు. నేను నిలవడి సదువుతుంటే ఒకడు లేచి కూసోమని జాగిచ్చిండు. 'క్యా హువా చాచా, కోయీ గుజర్ గయా క్యా?' అనడిగిండు. ఇంటికెల్లి చిట్ఠీ వచ్చింది, ఎవలో సచ్చిపోయిన్రనుకున్నడు."

నేను పలక మీద రాశాను. 'ఏం చెప్పినవ్?'

"మొసలి, అని జెప్పిన. మగర్‌మచ్ఛ్, అన్న. వాడు పాపం దండం బెట్టిండు."

నేను పలక తుడిచాను. మళ్లీ రాశాను. 'మరి ఊఁ ఎవరు కొట్టిన్రు?'

"ఎవలు గొడ్తరే? నేనే సదువుకుంట, నేనే ఊఁ గొట్టుకున్న" అన్నాడు. "గేటు దాక గంతే. తర్వాత పేజీలున్నయా? కప్ప మొసలి మాట ఇన్నదా లేదా? రాస్తున్నవు గదనే?"

నేను తల ఊపాను. వాడు అప్పటికి కాగితాల వైపు చూస్తున్నాడు, నా తల చూడలేదు.

"ఊఁ అనవేందే?" అన్నాడు అలవాటుగా. అని, నాలుక కరుచుకున్నాడు.

నేను బలపం తీసి పలక మీద టక్కున కొట్టాను.

వంటింట్లోంచి బాలమణి, దేనికో తెలియకుండానే, "ఊఁ" అంది.